సంబంధం లేనివాళ్ళు

సనత్‌నగర్ ఆఫీసు, మూడో అంతస్తు.
ఫ్యాను గాలికి ఎగరకుండా
టిఫిన్ డబ్బా బరువు పెట్టిన
పంతొమ్మిది బయోడేటాలు.
ఐదుగురు కావాలి.

ఇళ్ళల్లో సంబంధాలు చూసేటప్పుడు
ఎవరి తాలూకు, ఎక్కడివాళ్ళు, మనకేమవుతారు అని
ఏడు తరాలు తవ్వుతారు.
నేనూ తవ్వుతున్నాను, తిరగేసి.
ఏమీ కానివాళ్ళు కావాలి నాకు.
ఆ ఫ్యాక్టరీకి చుట్టం కాని, బాకీ పడని,
పగ కూడా లేనివాళ్ళు.

మొదటాయన ల్యాబు కట్టించిందే కంపెనీ.
ఇత్తడి పలక ఫోటోలో ఆయన భుజం వెనక మెరుస్తోంది.
రెండో ఆయన అల్లుడు అక్కడే, కొనుగోళ్ళ విభాగం.
మూడో ఆమె గొప్ప మనిషి,
కానీ నిరుడు ధర్నాచౌక్‌లో మైకు పట్టుకుని
తీర్పు ముందే చెప్పేసింది.
ఆ పేరు కొట్టేటప్పుడు పెన్ను రెండుసార్లు ఆగింది.
ఎనిమిదో ఆయన, ఈ రిపోర్టు రాసినతని గురువు.
శిష్యుడి పేపరు గురువే దిద్దితే
మార్కులకేం కొదవ?

రిపోర్టు నూట నలభై పేజీలు.
అందులో ఒక మనిషి ఉంటాడు.
బరువు డెబ్బై కిలోలు, వయసు ముప్పై,
రోజుకి ఎనిమిది గంటలే పీలుస్తాడు.
ఓటీ చెయ్యడు.
ఇంటికెళ్ళి చొక్కా విప్పి ఎవరికీ ఇవ్వడు.
ఆ చొక్కా బకెట్లో నానేస్తూ
ఒకామె ముఖం పక్కకి తిప్పుకోవడం
ఏ అనుబంధంలోనూ లేదు.

జీడిమెట్లకి పోయినప్పుడు
రియాక్టర్ దగ్గర పనిచేసే పోశెట్టిని అడిగాను,
కాలరుకి పెట్టుకోమని ఇచ్చిన కొలత బిళ్ళ సంగతి.
"పోతే జీతంల కోస్తమన్నరు మేడమ్.
గందుకే షిఫ్టంతా లాకర్ల పెట్టి తాళమేసిన."

పేజీ అరవై రెండు, పట్టిక తొమ్మిది:
పరిమితికి లోబడి ఉంది.
అవును.
లాకరు ఆరోగ్యానికి ఢోకా లేదు.

ఆ పట్టిక చూసి, ఈ అంకె ఇంత బుద్ధిగా ఎందుకుందని
అనుమానపడేవాళ్ళు కావాలి నాకు.
అది ఏ బయోడేటాలో రాసి ఉంటుంది?

ప్రకటన పత్రం, ఏడో గడి:
సదరు సంస్థతో మీకు గల సంబంధం.
లేదు. లేదు. లేదు.
కొందరైతే ఉత్త గీత గీసేశారు.

పదిహేడో కాగితం హనుమకొండ నుంచి.
రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసర్ ఖైరున్నీసా,
నీలి సిరా, చీమల బారులాంటి అక్షరాలు:
"ఇరవై రెండేళ్ళ కిందట వాళ్ళు పిలిస్తే ఉపన్యాసమిచ్చాను.
బస్సు చార్జీ నూట పది రూపాయలు తీసుకున్నాను.
మధ్యాహ్నం భోజనం చేశాను. పప్పు బాగుంది."

నవ్వొచ్చింది.
సగంలో ఆగిపోయింది.
నిబంధన ప్రకారం డబ్బు తీసుకున్నవాళ్ళు అనర్హులు.
గీత గీసినవాళ్ళు అర్హులు.

డైరెక్టరు గారు కళ్ళజోడు పైకి నెట్టి,
"ఆవిడే ఒప్పుకుంది కదమ్మా, తీసేయండి.
రేపు కోర్టులో ఎవరైనా పట్టుకుంటే?"
ఆయన మాటలో తప్పు లేదు.
అదే బాధ.

ఐదున్నరకి గది ఖాళీ.
నోట్ ఫైలులో రాశాను:
పప్పు సంగతి దాచనివారు
పట్టిక సంగతీ దాచరని నా అభిప్రాయం.
'అభిప్రాయం' కొట్టేసి 'మనవి' చేశాను.

అడుగున, ఎంపిక చేసిన అధికారి ప్రకటన.
దానికీ ఒక ఏడో గడి.
ఇన్నేళ్ళూ చూడకుండానే సంతకం పెట్టాను.
'లే' అని రాశాక పెన్ను కదల్లేదు.
చింతల్‌లో మా ఇల్లు,
రాత్రి రెండింటికి గాలి ఇటు తిరిగితే
కళ్ళు తెరవకుండానే లేచి
కిటికీ మూసే నా చెయ్యి
గుర్తొచ్చాయి.
నూట పది రూపాయలపాటి నిజం నాకూ ఉంది.

ఆ ఒక్క అక్షరం కొట్టేసి
చింతల్, గాలి, కిటికీ అని రాసి
ఫైలు పైకి పంపాను.

ఇంకా కిందికి రాలేదు.